బియ్యం నిండుకున్నాయట

తలుపు తియ్యకపోతే మానెయ్యండి జ్ఞానమ్మగారూ, నాకేం నష్టం లేదు. ఇక్కడే అరుగు మీద కూర్చుంటాను. అరుగు కట్టేదే కూర్చోడానికి.

నేనేనండి, కృపారాణిని. గొంతు గుర్తుపట్టలేదని మాత్రం అనకండి. నేను గేటు తియ్యగానే లోపల రేడియో తగ్గింది. వచ్చిందెవరో తెలీకపోతే రేడియో ఎందుకు తగ్గిస్తారు?

ఏం నాగదుర్గా, గోడ మీంచి మెడ చాచి చూడ్డం ఎందుకు, గేటు తీసుకుని రా. కుర్చీ కూడా తెచ్చుకో. ఏంటి, పొయ్యి మీద పాలున్నాయా? అయితే వెళ్ళు తల్లీ, పొంగిన వాసన ఇక్కడికే వస్తోంది.

వెళ్ళిపోయిందండి. ఇంక మనిద్దరమే. మధ్యలో మీ తలుపు.

అయినా ఇదేం పద్ధతండీ? కబురు పంపాలంటే నాకు పంపాలి గానీ, నాగదుర్గ చేత పాస్టరమ్మగారికి పంపుతారా? "స్త్రీల సమాజంలోంచి నా పేరు కొట్టెయ్యమను. నాకెవరి బియ్యమూ వద్దు, నన్ను చూడ్డానికి ఎవరూ రావద్దు" అని! ఆదివారం ఆరాధనయ్యి అందరూ బయట చెప్పులు వెతుక్కుంటుంటే ఆవిడ నా దగ్గరికొచ్చి, "కృపా, ఆ జ్ఞానమ్మగారి పేరు కంప్యూటర్లోంచి తీసెయ్యమ్మా, పెద్దావిడ బాగా కోపంగా ఉన్నారు" అన్నారు. నలుగురూ విన్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?

తీసెయ్యడం ఎంతసేపండీ. ఒక్క వాక్యం రాస్తే చాలు. ఫలానా పేరున్న వరస తీసెయ్ అంటే తీసేస్తుంది. మనిషిలాగా ఎందుకని అడగదు.

నేను తియ్యలేదు. బియ్యం పట్టుకుని వచ్చాను. ఇదిగో, సంచి మీ తలుపుకే ఆనించి పెట్టాను. చక్రకేళీలు కూడా తెచ్చాను, బాగా పండాయి, ఇవాళే తినాలి.

ఈ సాయంత్రం పాస్టరమ్మగారికి జవాబు చెప్పాలి. పేరు ఉంచాలా, తియ్యాలా అని. తీస్తే ఈ ఇంటికి బియ్యం ఆగిపోతాయి. గురువారం గురువారం నేను రావడమూ ఆగిపోతుంది. ఉంచమంటే ఉంచుతాను. మీ నోటితో మీరు చెప్పాలి, నాగదుర్గ నోటితో కాదు.

పలకరా? సరే, అయితే నేనే పలుకుతాను. మీరు వినండి. విననని చెవులు మూసుకున్నా నా గొంతు పెద్దదే. క్లాసులో ఆఖరి బెంచీ దాకా వినబడే గొంతు.

మన సమాజం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక్క పిడికెడు తీసి పక్కన పెట్టమని ఈ పేటలో ఆడవాళ్ళకి నేర్పిందే మీరు. బైబిలు సంచిలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగిన రోజుల్లో ఎందరికి నేర్పారో. ఆదివారం ఆ పిడికిళ్ళన్నీ ఒకచోట పోసి, ఒంటరిగా ఉన్నవాళ్ళకి పంచుతాం. గురువారాలు తలా కొన్ని ఇళ్ళకి వెళ్ళి, బియ్యం ఉన్నాయా, ఒంట్లో ఎలా ఉందని కనుక్కుని ఫోన్లో రాస్తాం. నా వంతులో మీ ఇల్లు పడింది.

ఆ ఫోన్లో రాసేది ఉందే, అది మనది కాదండి. ఎక్కడో ఉన్న ఒక కంపెనీ యాప్. మనం రాసిందంతా వాళ్ళ మిషన్లలోనే ఉంటుంది. క్లౌడ్ అంటారు. సేవ చేసేవాళ్ళకి ఉచితం అన్నారు, వాడుకున్నాం. వేసవిలో మెయిలొచ్చింది. ఇక ఉచితం లేదు, మీ సమాచారం మీరు తీసుకుపోండి అని.

అద్దిల్లు లాంటిదనుకోండి. ఇన్నేళ్ళు సామాను పెట్టుకున్నాం, ఇంటాయన ఖాళీ చెయ్యమన్నాడు. ఇంకో అద్దిల్లు చూసుకుందాం అన్నారు మనవాళ్ళు. వాడు మాత్రం రేపు ఖాళీ చెయ్యమనడా? సొంతిల్లే కడదాం అన్నాను నేను.

సొంతిల్లంటే డేటాబేసు. మా కాలేజీ ల్యాబులో మూలన పడేసిన కంప్యూటరు ఒకటుంటే ప్రిన్సిపాలుగార్ని అడిగి, దుమ్ము దులిపి, అందులో పెట్టాను. పోస్ట్‌గ్రెస్ అంటారు దాన్ని. ఆ పేరుతో మీకేం పనిలేదు. గదులు, గదుల్లో అరలు, ఏ వస్తువు ఏ అరలో ఉండాలో ముందే రాసిపెట్టుకున్న ఇల్లనుకోండి. బియ్యం అరలో ఉప్పు పెడతానంటే ఒప్పుకోదు.

మరి సామాను మోసేదెవరంటారా? మీరనలేదు లెండి, నేనే అనుకున్నాను. దానికి వేరే టూల్ ఉంటుంది. అది ఆ కంపెనీ గుమ్మం దగ్గరికెళ్ళి, తాళంచెవి చూపించి, ఒక్కొక్క వరసా అడిగి తెచ్చి మనింట్లో దింపుతుంది. ఇవన్నీ ఊరికే దొరుకుతాయి. ఓపెన్ సోర్స్ అంటారు. ఎవరో రాసి, ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోండని వదిలేస్తారు. ఎండాకాలం రోడ్డు పక్కన చలివేంద్రం పెట్టి, కుండ మీద గ్లాసు బోర్లించి వెళ్ళిపోరూ? అలాగ. తాగిందెవరో పెట్టినవాళ్ళకి తెలీదు. పెట్టిందెవరో తాగినవాళ్ళకి తెలీదు.

ఆ పనంతా ఒక్కదాన్నే చేశాను. గొప్పకి చెప్పట్లేదు. పక్కన ఎవరూ లేరు కాబట్టి ఒక్కదాన్నే చేశాను. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ల్యాబులో కూర్చునేదాన్ని. వాచ్‌మన్ తొంగిచూసి, "మేడంగారూ, ఇంకా వెళ్ళలేదా అండి?" అనేవాడు. పనుందయ్యా అనేదాన్ని. పని లేని రోజూ అదే అనేదాన్ని.

చివరికి ఒకనాడు మొత్తం వచ్చేసింది. అక్కడెన్ని వరసలున్నాయో ఇక్కడా అన్నే. ఖాళీ పేర్లు లేవు, ఒకే మనిషి రెండుసార్లు రాలేదు. తప్పులు సున్నా అని స్క్రీన్ మీద పచ్చగా పడింది. నాకు భలే అనిపించింది. చూశారా, అని పక్కకి తిరిగానండి.

పక్కన ప్రింటరుంది.

సరే, అది వదిలెయ్యండి. అసలు సంగతికొస్తున్నాను. దోమలు కుడుతున్నాయి మీ అరుగు మీద, అదొకటి.

పాత యాప్‌లో బియ్యం ఎలా ఉన్నాయన్న చోట ఎవరికి తోచింది వాళ్ళు రాసేవారు. "ఉన్నాయి" అని ఒకరు. "సగం డబ్బా" అని ఒకరు. "లేవు" అని ఒకరు. "ఉన్నాయంటోంది గానీ నాకు నమ్మకం లేదు" అని ఒకావిడ. మనిషి చదివితే అన్నీ అర్థమవుతాయి. కొత్తింట్లో అలా కుదరదు. అక్కడ నేను మూడే అరలు పెట్టాను. నిండు, సగం, ఖాళీ. ఖాళీ అన్న ఇంటికి బియ్యం వెళ్తాయి. సగం అన్న ఇంటికి మనిషి వెళ్ళి చూసొస్తుంది. నిండుగా ఉన్న ఇంటికి ఎవరూ వెళ్ళక్కర్లేదు. మనకి ఇళ్ళెక్కువ, తిరిగే మనుషులు తక్కువ. అందుకని అలా పెట్టాను.

ఎవరూ వెళ్ళకపోతే ఆ ఇంటి గురించి కొత్తగా ఎవరూ రాయరు. రాయకపోతే అది నిండుగానే ఉంటుంది. వచ్చేవారమూ నిండుగానే ఉంటుంది. ఇంత చదువూ చదివి ఇది నాకు తట్టలేదు చూడండి.

ఇన్నేళ్ళ రాతలూ కూర్చుని నేను చదవలేనుగా. తెలుగుని ఇంగ్లీషులోకి మార్చి, దాన్నిబట్టి ఏ అరో తేల్చే ప్రోగ్రాము ఒకటి తెచ్చి మధ్యలో పెట్టాను. అదీ ఆ చలివేంద్రంలోదే. ఉన్నాయిని ఉన్నాయనే చదివింది. లేవుని లేవనే చదివింది. సగాన్ని సగమనే చదివింది. పైపైన నాలుగు చూసుకుని, బాగానే ఉందనుకున్నాను.

ఇప్పుడు మీరు చెప్పండి. ఆ ఆఖరి గురువారం మీరు నాతో ఏమన్నారు? డబ్బా మూత తీసి వంచి చూపిస్తూ ఏమన్నారు?

"బియ్యం నిండుకున్నాయి కృపా" అన్నారు.

మీరన్నది అన్నట్టే రాశాను. నా చేత్తోనే రాశాను. నిండుకున్నాయి అని. ఆ మిషను అందులో నిండు అన్న మాట పట్టుకుంది. అబ్బో, ఈవిడింట్లో బియ్యం పుష్కలంగా ఉన్నాయనుకుంది. మీ పేరు తీసుకెళ్ళి నిండు అరలో పెట్టేసింది.

ఏంటది? నవ్వా, దగ్గా?

దగ్గేనంటారా. సరే, దగ్గే.

దాని తప్పేముందండీ? ఇంట్లో గింజ లేకపోతే లేదనకూడదని, అలా అంటే నిజంగానే లేకుండా పోతుందని, అందుకే నిండుకున్నాయంటామని దానికెవరు చెప్పారు? దీపం కొండెక్కిందంటే అదెక్కడ వెతుకుతుంది? అన్నవరం కొండ మీదా? మీ సంగతే చూడండి. ఊరూరా తిరిగి శకునాలు నమ్మకండర్రా అని బోధించిన మనిషి. బియ్యం దగ్గరికొచ్చేసరికి మీ నోట్లోంచి వచ్చింది మీ అమ్మ మాటే. మీరు మాత్రం ఏం చేస్తారు, పాలతో పాటు వచ్చిన మాట.

నాకు ఒళ్ళు మండింది ఎక్కడో తెలుసా? మొహమాటం లేకుండా "లేవు, తీసుకురండి" అన్నవాళ్ళందరికీ బియ్యం చేరాయి. లేకపోయినా లేవనడానికి నోరు రాని ఇళ్ళున్నాయే, ఆ ఇళ్ళకే చేరలేదు.

ఎలా కనిపెట్టానంటే, మీ పేరు తీసెయ్యడానికి కూర్చున్నప్పుడే. ఆదివారం మధ్యాహ్నం. తీసేముందు ఒకసారి చూద్దామని మీ వరస తెరిచాను. బియ్యం, నిండు అని ఉంది. ఇదేంటి, డబ్బా వంచి చూపించారుగా అనుకున్నాను. మా పనిలో ఒక పద్ధతుందండి. తెచ్చిన సామాను తెచ్చినట్టే ఒక గదిలో అలా ఉంచెయ్యాలి, సర్దింది వేరే గదిలో పెట్టాలి. ఆ మొదటి గదిలోకి వెళ్ళి చూస్తే మీ మాట ఉంది. నిండుకున్నాయి.

ఇంకెవరైనా ఉన్నారా అని ఆ మాట కోసం వెతికాను. ఉన్నారు. ఆ ఇళ్ళన్నిటికీ నిన్న ఆటోలో బియ్యం వేసుకుని వెళ్ళాను. గుమ్మం గుమ్మం దగ్గరా ఇదే కథ చెప్పాను. పంచదార ఫ్యాక్టరీ వెనకాల మరిడమ్మగారైతే పడీపడీ నవ్వారు. "మీ కంప్యూటరు కొత్తకోడలు లాంటిదమ్మా! అత్త అన్నది విందిగానీ అనుకున్నది వినలేదు" అన్నారు. నాకూ నవ్వొచ్చింది. ఎవరూ తలుపు వేసుకోలేదు. ఎవరూ పేరు కొట్టెయ్యమనలేదు.

మీరొక్కరే.

అటుకులు నానబెట్టుకుని తిన్నారటగా. నాగదుర్గ చెప్పింది. వండింది తెచ్చిస్తే కడుపులో బాలేదని వెనక్కి పంపారట. ఆదివారాలు చర్చికి ఎందుకు రాలేదో కూడా చెప్పింది. అందరూ పిడికెడు బియ్యం తెచ్చి పోస్తుంటే ఒట్టి చేతులతో ఎలా వెళ్ళనూ అన్నారట. మనం ఇచ్చిన బియ్యంలోంచే మళ్ళీ పిడికెడు తీసి మనకే ఇస్తున్నారని నాకు అప్పుడే తెలిసింది. ఏం మనిషండీ మీరు!

...

తీశారా. వందనాలండి.

అలా చూడకండి, లోపలికి రానులెండి. గుమ్మం ఇవతలే ఉంటాను. మీరు ఆ గడప మీద కూర్చోండి, నిలబడితే మీ మోకాళ్ళు ఊరుకోవు. చిక్కిపోయారు. చిక్కలేదా? సరే, జాకెట్టు వదులైంది. జాకెట్టుదే తప్పు.

ఏమన్నారు? మళ్ళీ అనండి.

ఓహో. అదా సంగతి. మిషను సంగతి కాదు, నా నోటి సంగతి. అదింకా మనసులో పెట్టుకున్నారన్నమాట.

అన్నానండి, ఆ ఆఖరి గురువారమే. కాదనట్లేదు. మీరేమో పిఠాపురంలో హెడ్మాస్టరుగారు, భార్య పోయి ఒక్కడే ఉంటున్నాడు, మంచివాడు, నీకూ తోడు కావాలి కదా అని మొదలెట్టారు. అరగంట వదల్లేదు. ఆయనకి షుగరు కూడా లేదన్నారు, అదేదో డిగ్రీ అయినట్టు! నాకు చిరాకొచ్చింది. "నేనిక్కడికి వచ్చేది విజిట్ రాసుకోడానికండీ, సంబంధాలు వినడానికి కాదు" అన్నాను. ఫోను సంచిలో పడేసుకుని వెళ్ళిపోయాను. టీ సగంలో వదిలేశాను.

ఆ మాట మీకు ఎక్కడ తగిలిందో నాకు గేటు దాటాకే తెలిసింది. వెనక్కి రావచ్చు. రాలేదు. వచ్చేవారం ఎలాగూ వస్తానుగా, అప్పుడు సర్దుకుంటుందిలే అనుకున్నాను.

ఆ వచ్చేవారమే కొత్త డేటాబేసులోంచి మొదటి లిస్టు వచ్చింది. నా ఇళ్ళలో మీ ఇల్లు లేదు.

చూశానండి. చూడలేదని అబద్ధం చెప్పను. మొదటి వారమే చూశాను. మిషను తప్పు చేసిందేమోనన్న ఆలోచన కూడా నాకు రాలేదు. వంతులు వేసేది పాస్టరమ్మగారు కదా. మీరే ఆవిడతో చెప్పుంటారనుకున్నాను. ఆ కృపారాణి వద్దు, నోరు మంచిది కాదు, ఇంకెవర్నైనా పంపండి అని. చెప్పుంటే తప్పేముంది? నా నోరు మంచిది కాదు. నాకు తెలుసు.

ఒక్క ఫోను చేసి ఆవిడ్ని అడిగితే తేలిపోయేది. అడిగితే, అవునమ్మా, ఆవిడే వద్దన్నారు అంటే? అప్పుడేం చెయ్యను? అందుకని అడగలేదు. వరసలన్నీ సరిపోయాయని ఇందాకటి నుంచీ గొప్పలు చెప్పానే, ఈ ఒక్క వరస దగ్గర కళ్ళు తిప్పేసుకున్నాను.

గురువారం వస్తే కాళ్ళు ఇటే తిరిగేవండి. కాలేజీ అవగానే రైల్వే గేటు దాకా వచ్చేదాన్ని. సామర్లకోట సంగతి తెలిసిందే, ఆ గేటు ఎప్పుడు చూసినా పడే ఉంటుంది. కాకినాడ వెళ్ళే బండి పోయేదాకా ఆ జనంలో నిలబడేదాన్ని. గేటు లేచాక అందరూ అటు దాటేవారు. నేను వెనక్కి తిరిగేదాన్ని. ఒకసారి సోడాలబ్బాయి, "ఏమండీ, ఎవరికోసమైనా చూస్తున్నారా?" అనడిగాడు. లేదయ్యా అని ఒక సోడా కొనుక్కున్నాను. నాకు సోడా పడదు.

మీరేమనుకున్నారూ?

నేనన్న మాట నిజమే అయ్యుంటుందనుకున్నారా! విజిట్ రాసుకునే పని అయిపోయింది, ఇంక దీనికి నాతో పనేముంది, అందుకే రావట్లేదు అనుకున్నారా? బియ్యం పంపకపోవడం కూడా అందుకేననుకున్నారా?

బాగుందండి. మీరక్కడ అలా, నేనిక్కడ ఇలా. ఆ మిషను చదివింది ఒక్క మాటే తప్పుగా. మిగతాదంతా మనిద్దరమే కూర్చుని చదువుకున్నాం.

సరే, అయిందేదో అయింది. ఇంతకీ చెప్పండి. పేరు ఉంచనా, తియ్యనా? అరలు మార్చేశాను. నిండు అన్న ఇంటికి కూడా ఇకమీదట మనిషి వెళ్తుంది. ఆ మనిషి నేనే కావాలని లేదు. ఇంకెవరైనా నోరు మంచివాళ్ళని పంపమంటే పంపిస్తాను. ఏదో ఒకటి చెప్పండి.

ఎక్కడికి లేస్తున్నారు? మోకాళ్ళు జాగ్రత్త.

చేటెందుకండీ ఇప్పుడు? బియ్యం తర్వాత చూసుకోవచ్చుగా. జవాబడిగితే చేట తెస్తారేంటి! సరే, పోస్తాను. ఇంత చాలా? ఇంకాస్తా?

ఏంటి, అలా వేళ్ళతో కెలుకుతున్నారు? పురుగుందా? ఉంటుందండి, బియ్యమన్నాక.

ఒకటే రకంగా ఉన్నాయా... అంటే?

అవునవును. సమాజం బియ్యం ఇలా ఉండవు. పది ఇళ్ళ పిడికిళ్ళు కలిసి, సన్నాలూ ముతకవీ, పాతవీ కొత్తవీ, ఒక మెతుకు ఉడికితే ఒక మెతుకు పలుకుగా ఉంటుంది. ఇవి మొత్తం స్వర్ణ రకం. ఒక్క ఇంటివి. మీరు కనిపెడతారని నాకు తట్టలేదు.

మీరు పేరు కొట్టెయ్యమన్నారుగా. వద్దన్నవాళ్ళ గుమ్మంలోకి సమాజం బియ్యం తేకూడదని రూలుంది. ఆ రూలు రాసింది కూడా నేనే. అందుకని మా ఇంట్లోవి తెచ్చాను. ఇందులో ఏం గొప్పలేదు. నా వాటా కింద ఏటా ఒక బస్తా మా తమ్ముడు పంపిస్తాడు. అలాగే ఉంటాయి.

ఎందుకుంటాయేంటి? వండితేగా తగ్గడానికి. కాలేజీ సందులో కర్రీ పాయింటుంది, అన్నం కూడా అక్కడే ఇస్తారు. ఒక్కదానికి ఎసరు పెట్టి, ఆ కుక్కరు కూతకి ఉలిక్కిపడి, ఎవరికండీ అదంతా? మొదట్లో వండేదాన్ని. రెండు పూటలకి సరిపడా వచ్చేది, రెండో పూట తినబుద్ధయ్యేది కాదు. మానేశాను. పిడికెడు తీసి పెట్టడమా? రోజూ ఎసరు పెట్టనిదాన్ని రోజూ ఏం తీస్తాను? ఆదివారం పొద్దున్న బస్తాలోంచి ఒకేసారి తవ్వెడు తీసి సంచిలో పోసుకుని వెళ్ళేదాన్ని. నాది అందరికంటే పెద్ద పిడికిలని పాస్టరమ్మగారు మెచ్చుకునేవారు.

అలా నిలవున్నాయి కాబట్టే పురుగు పట్టింది. చూసి తేవాల్సింది. తవ్వతో ముంచుకోవడమే గానీ, వెలుగులో పోసి చూసుకుని చాలా రోజులైంది.

తిట్టండి, పర్లేదు. "నీ ఇంట్లో బియ్యం సంగతి నీకే తెలీదు గానీ ఊళ్ళోవాళ్ళ బియ్యం సంగతి ఫోన్లో రాస్తావా" అనే కదా? అనండి. నెలపైనైంది నన్నెవరైనా తిట్టి. మా కాలేజీలో అందరూ మేడంగారూ, మేడంగారూ అంటారు. తిట్టేంత చనువు ఎవరికీ లేదు.

ఏంటీ, రెండో చేట నాకా?

నేనూ ఏరాలా? సరే, ఇటివ్వండి. మరి పేరు సంగతి? ఉంచడమా తియ్యడమా, ఏదో ఒకటి చెప్తే...

ఏరడం అయ్యాక చెప్తారా.

అలాగేనండి. మీ ఇష్టం. పురుగులు కొంగులోకి పాకుతున్నాయి, కాస్త ఇటు జరగండి. ఆ వెలుగు నాకూ రానివ్వండి.

కళ్ళజోడా? తేలేదండి. కాలేజీలో మర్చిపోయినట్టున్నాను. పర్లేదు, తడుముకుంటూ ఏరతాను. వడ్లగింజ ఏదో, పురుగేదో చేతికి తెలుస్తుంది. కాస్త ఆలస్యమవుతుంది, అంతేగా. మీకేం తొందర లేదుగా?

బ్యాగులో చూడమంటారా?

చూడక్కర్లేదండి. బ్యాగులోనే ఉంది. పెట్టుకుంటే ఏరడం తొందరగా అయిపోతుందని తియ్యలేదు.